మూడో గుంత చుట్టూ ముగ్గు

కోవిల్‌పట్టి నుంచి విళాత్తికుళం పోయే దారిలో, నల్లనేల నడుమ, తిరుత్తంగల్ అచ్చాఫీసు యజమాని, అందరూ మొదలాళి అని పిలిచే ఆయన, ముచ్చటపడి వేయించుకున్న గోల్ఫ్ మైదానం అది. పొద్దున్నే వచ్చిన మేనేజరు హరికృష్ణన్ మూడో గుంత దగ్గర నోరు తెరుచుకుని నిలబడ్డాడు. కలుపు తీసే ఆడవాళ్లకు పెద్ద అయిన పరమేశ్వరి కూడా ఆయన పక్కనే నిలబడింది గానీ, ఆమెకు దిగులేమీ ఉన్నట్టు లేదు.

"ముగ్గా?"

"ముగ్గే సామీ."

"గోల్ఫ్ గుంత చుట్టూ ముగ్గా?"

"చిన్నదే వేస్తిమి. జెండాకు తగలకుండా మన ఇసక్కిసెల్వి ఎంత ఒద్దికగా తిప్పిందో చూడండి."

"ఏమిటికి వేస్తిరి?"

"అలికిన నేల బోడిగా ఉంటే బాగుంటుందా సామీ? ఇల్లు అలికి ముగ్గు వెయ్యకుండా వదిలిపెడతామా?"

"అలికిన… ఉండు, ఉండు. ఏమి అలికినారు?"

"నేల."

"దేంతో?"

"ఎవురైనా దేంతో అలుకుతారు? పేడతోనే."

"పేడతో! పరమేశ్వరీ, బంతి దొర్లే గ్రీను మీద పేడ అలికినారా?"

"మంచి పేడ సామీ. సెల్వి ఇంట్లో రెండావులుండాయి కద. నిన్న మాపటేళకే తట్టల్లో మోసుకొస్తిమి. ఇంక వాసన కూడా లేదు. వంగి చూడండి కావాలంటే."

"నేను వంగను. గడ్డి యాడ?"

"ఏ గడ్డి?"

"ఏ గడ్డి అని అడుగుతావా! ఇక్కడుండిన గడ్డి. మొన్న సాయంత్రం నేను పోయేటప్పుడు పచ్చగా, మెత్తగా, చాప పరిచినట్టు ఉండె కద. ఆ గడ్డి."

"ఓ, గరికా? పీకేస్తిమి."

"పీకే…"

"వేర్లతో సహా. ఒక్క కణుపు మిగల్లే. గడ్డపారతో తవ్వి, మట్టి చేత్తో నలిపి నలిపి చూసి తీస్తిమి. అదిగో, కంచె కాడ కుప్ప పోసినాం. ఎండినాక తగలబెడతాం."

"తగలబెడతారా."

"లేకుంటే మళ్ళీ మొలుస్తుంది సామీ. గరికను నమ్మకూడదు. ఏమి సామీ, అట్ల కూలబడితిరి? నీళ్లు తెమ్మందునా?"

"నీళ్లొద్దు. అది గరిక కాదు పరమేశ్వరీ."

"గరికే."

"బెర్ముడా."

"ఎవురు?"

"ఎవురు కాదు. ఆ గడ్డి పేరు బెర్ముడా. బెంగుళూరు నుంచి లారీలో వచ్చింది. చాపల మాదిరి చుట్టి తెచ్చి ఇక్కడ పరిచిరి. నీకు చెప్పలేదా నేను? ఫారిన్ గడ్డి, విలువైన గడ్డి, దాని పక్కకు ఎవురూ పోకూడదు అని ఎన్ని తూర్లు చెప్పినాను?"

"చెప్తిరి. అందుకే కద ఇన్ని దినాలు ఆ రౌండు లోపలికి మేము కాలే పెట్టలే? మిషనుతో కోసే మాయాండి ఒక్కడే పోతా ఉండె. మేము గట్టు మీద నిలబడి, అబ్బా, ఫారిన్ గడ్డి ఎంత పచ్చగా ఉండాది అనుకుంటా చూసిపోతిమి. మాయాండికి జొరం వచ్చె. మొదలాళి వస్తాడు, మూడో గుంత కాడ గ్రీనులో తుంగ మొలిచుంటుంది, పోయి ఏరండి అని మీరే చెప్పిపోతిరి. పోతిమి. కూర్చుంటిమి. చూస్తే ఏముంది సామీ, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా అంతా గరిక! ఫారిన్ గడ్డి ఒక్క పోచ లేదు. ముత్తుప్పేచ్చి అయితే రొమ్ము కొట్టుకునింది. అయ్యో, మొదలాళి అంత దూరం నుంచి తెచ్చుకున్న గడ్డినంతా ఈ పాడు గరిక పడి తినేసిందే అని."

"గరిక తినేసిందా?"

"మీకు తెలీదా దాని సంగతి? పత్తిచేన్లో పడితే పత్తిని మింగుతుంది, మిరపచేన్లో పడితే మిరపను మింగుతుంది. పాపం, ఫారిన్‌ది, ఊరికి కొత్తది, దాన్ని వదుల్తుందా?"

"రెండూ ఒకటే."

"ఏ రెండు?"

"బెర్ముడా అన్నా గరిక అన్నా ఒకటే గడ్డి పరమేశ్వరీ. ఆ ఊర్లో ఆ పేరు, మనకు ఈ పేరు."

"అట్లనా?"

"అట్లనే."

"గరిక కొనేదానికి బెంగుళూరు దాకా పోతిరా సామీ? మా కాలనీ వెనకాల ఊరికే పడుండాది. ఒక మాట అడిగింటే మేమే…"

"కొంచేపు నోరు మూసుకుని ఉండు."

"ఉంటాను."

"గడ్డి పోయింది సరే. ఈ అలికేది ఏమిటికి? ఎవురు అలకమన్నారు?"

"మాట్లాడేదా, మూసుకునుండేదా?"

"మాట్లాడు!"

"పీకినాక అంతా గుంతలు గుంతలుగా ఉండె. మళ్ళీ మీకు ఫోన్ కొడితే ఎత్తలే. ఇట్లనే వదిలిపెడితే మొదలాళి కాడ మీకు మాట వస్తుందే అని మాకే మనసు ఆగలే. అందుకని, సజ్జ కొట్టేదానికి కల్లం చేస్తాం కద, అదే మాదిరి చేస్తిమి. నీళ్లు చల్లి, అందరం చేతులు పట్టుకుని తొక్కి, ఆ ఇనప రోలరు మీదికీ కిందికీ లాగి, గట్టిపడినాక పేడనీళ్లతో అలికితిమి. మీకోసమే సామీ."

"నాకోసం."

"గింజ పడితే గింజ దొర్లుతుంది. అట్ల వచ్చింది."

"ఇక్కడ గింజలు కొట్టరమ్మా! బంతి కొడతారు! మీకు ఇట్ల పీకేది, తవ్వేది ఎవురు నేర్పించిరి?"

"మీ తాత."

"మా తాతా?"

"చేను గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మేమప్పుడు ఇంతింత పిల్లలం, అమ్మల వెనకాల పోతాం. సాల్లో గరిక వేరు ఒకటి మిగిలినా ఆ సాలంతా మళ్ళీ తవ్వమనేవాడు. ఆ పూట కూలి లేదు. ఒకసారి మా అమ్మ గరికను చూసి కూడా దాటిపోయిందని, ఊరంతా వినేటట్టు ఏమి మాటలన్నాడో! ఇప్పుడు చెప్పేదానికి కూడా నోరు రాదు. ఆ భయం ఇంకా ఉండాది సామీ. గరిక కంటబడితే చెయ్యి ఆగదు."

"అయినా ఒక మాట అడక్కుండా…"

"అడిగితిమి కద."

"ఎవుర్ని?"

"మిమ్మల్నే. నిన్న. మేళం మోగతా ఉండె మీ వెనకాల. జ్ఞాపకం లేదా? సామీ, రౌండు నిండా గరిక ఉండాది, ఏమి చేసేది అంటిని."

"నేనేమన్నాను?"

"'గరికను పెట్టుకుని చూస్తా కూర్చుంటారా? పీకి పారెయ్యండి. దీనికంతా నన్ను అడగాల్నా?' అంటిరి."

"అంటినా?"

"అంటిరి. ఎంత కోపంగా అంటిరి! గొంతు కూడా అచ్చం మీ తాత గొంతే."

"అయ్యయ్యో."

"ఏమి సామీ?"

"అంటిని పరమేశ్వరీ. ఇప్పుడు జ్ఞాపకం వస్తుంది. మా మామ పక్కన కూర్చునుంటిని. బామ్మర్ది బిడ్డకు చెవులు కుట్టేది అయిపోయె, విరుదునగర్ చుట్టాలంతా చుట్టూ చేరి గోల్ఫ్ అంటే ఏమిటి, గడ్డికి మేనేజరు ఏమిటికి అని అడగతా ఉండిరి. బెర్ముడా అంటే ఏమనుకుంటిరి మామా, బిడ్డను సాకినట్టు సాకాల అని చెప్తా ఉంటిని. అప్పుడే నువ్వు ఫోన్ కొడితివి. గరిక అంటివి. గరిక అని చెవిన పడంగానే నోరు తానే పీకి పారెయ్ అనింది. నేను అనుకునే లోపలే అనేసింది."

"అవును మరి. ఎవురి మనవడు!"

"నవ్వబాక. నా కడుపు మండతా ఉండాది."

"నవ్వలే సామీ."

"మొదలాళి బయల్దేరేసినాడు. మదురై నుంచి ఒక పెద్దాయన్ను కూడా తెస్తా ఉండాడు. ఆయన చూసి సరే అంటే ఇక్కడ పోటీలు పెడతారు. దానికోసం మొదలాళి ఏడాదిగా తపస్సు చేస్తా ఉండాడు. వచ్చి, ఇది చూసి… నా ఉద్యోగం పోయింది పరమేశ్వరీ. కయత్తారులో గాలిమర కంపెనీ గేటు కాడ స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ని, ఎవురో చెప్పి ఈ పని ఇప్పించిరి. మళ్ళీ ఆ స్టూలు మీదికే పోవాల. నిన్న మా మామ నన్ను వచ్చినోళ్లందరికీ చూపించి, మా అల్లుడు మేనేజరు, మేనేజరు అంటా తిప్పినాడు. నా పెండ్లాం సంగవి కూడా ఎన్నడూ లేనిది నా పక్కనే నిలబడి నవ్వింది. ఇప్పుడు ఆ ఇంటికి ఏ ముఖం పెట్టుకుని పోదును?"

"ఏడవకండి సామీ, ఎవురైనా చూస్తారు."

"ఏడవలే. ఆ కుప్పలో గడ్డి తెచ్చి మళ్ళీ పరిస్తే?"

"వేర్లన్నీ దులిపేస్తిమి. వాడిపోయింది. ఇంక మేక కూడా మూతి పెట్టదు."

"పచ్చరంగు పూస్తే? మొదలాళి అచ్చాఫీసులోనే డబ్బాలు డబ్బాలు ఉండాది."

"పేడ మీద పచ్చరంగా? పాచి పట్టినట్టుంటుంది."

"అయితే ఒకటే దావ ఉండాది. పరమేశ్వరీ, నువ్వు ఇక్కడ నా ముందర నిలబడు. చెప్పేది బాగా విను. ఇదంతా మీరే చేస్తిరి."

"మేమే కద చేస్తిమి."

"అది కాదు. మీరే, మీకు తోచినట్టు చేస్తిరి. నన్ను అడగలే. నేను చెప్పలే. నాకేమీ తెలీదు."

"ఫోన్ కొడితిమి కద?"

"కొడితిరి, నేను ఎత్తలే."

"ఎత్తితిరి."

"ఎత్తలే! అట్ల చెప్పాల."

"ఓ. అబద్ధం చెప్పాలనా?"

"అబద్ధం అని ఏమిటికి అనుకుంటావు? ఒక మాట సర్దుకునేది, అంతే. మీకు పోయేదేముంది? రెండు మాటలు తిడతాడు, తలవంచుకుంటే అయిపోయె. నన్నైతే పంపించేస్తాడు."

"మమ్మల్ని పంపించడా?"

"మీరు లెక్కలో యాడుండారు పంపించేదానికి? పిలిచిన దినం వస్తారు, పిలవని దినం లేదు."

"అదీ నిజమే."

"కోపమా?"

"ఏమిటికి కోపం? ఉండేదే కద చెప్తిరి. అయితే సామీ, రెండేండ్లుగా అడగతా ఉండాము, ఆ నెలజీతం సంగతి…"

"ఇప్పిస్తాను. ఆరుమందికీ ఇప్పిస్తాను. ఇది ఒకటి దాటనీ, మొదలాళి కాళ్లు పట్టుకునైనా ఇప్పిస్తాను."

"నిజంగానా?"

"మా తాత మీద ఒట్టు."

"ఆయన మీద వద్దు సామీ. వేరే ఎవురి మీదైనా పెట్టండి."

"సంగవి మీద ఒట్టు. సరేనా? ఇప్పుడు నేను మొదలాళిని. అడగతా ఉండాను. ఎవురు చేసిరి ఇది?"

"మేమే పెద్దసామీ. తప్పయిపోయింది."

"మేనేజరును అడక్కుండానే చేస్తివా?"

"ఫోన్ కొడితిమి పెద్దసామీ. మేళం మోగతా ఉండె…"

"మేళం లేదు! ఫోనే ఎత్తనప్పుడు మేళం ఎట్ల వినపడింది?"

"ఆ, అవును. ఫోన్ కొడితిమి, ఎత్తలే."

"హరికృష్ణన్ చెప్పకుండా నీకింత ధైర్యం ఎట్ల వచ్చింది?"

"ఆ సామికి ఏమీ తెలీదు పెద్దసామీ. మేమే, మాకు తోచినట్టు చేస్తిమి."

"బాగుంది. ఇంకొకటి. ఈడ జాగ్రత్త. నువ్వు ఇట్ల చెప్తానే నేను ఊరికే ఉంటే బాగుండదు. మేనేజరు ఆడవాళ్ల మీదికి తోసి చేతులు దులుపుకున్నాడు అనుకుంటాడు. కాబట్టి నేను మధ్యలో వచ్చి, 'అయ్యా, వాళ్లను ఏమీ అనకండి, నాదే బాధ్యత' అంటాను."

"మీదే అంటారా?"

"అంటాను. నువ్వు ఒప్పుకోకూడదు. 'సామి మంచోడు, మమ్మల్ని కాపాడాలని అట్ల అంటా ఉండాడు' అనాల."

"మీరు మళ్ళీ అంటే?"

"మళ్ళీ అదే అను. నేను ఎన్ని తూర్లు అన్నా, ఎంత గట్టిగా అన్నా, నువ్వు విడవకూడదు."

"విడవను."

"చెప్పు ఒకసారి."

"సామి మంచోడు, మమ్మల్ని కాపాడాలని అట్ల అంటా ఉండాడు."

"కొంచెం మెల్లగా, గొంతు తడిగా."

"సామి మంచోడు…"

"అదీ! అట్ల. నీ ఫోను ఇటియ్యి."

"ఏమిటికి?"

"నిన్నటి కాల్ తుడిచేస్తాను. నాదాంట్లో ఇప్పుడే తుడిచేసినాను. మొదలాళి అడిగి చూసినా చూస్తాడు. … అయిపోయె. ఇంక ఆ కాల్ ఎప్పుడూ లేదు. ఆ ముగ్గు చెరుపు."

"సామీ, అలికిన మరునాడే ముగ్గు చెరపకూడదు."

"చెరుపు అంటా ఉంటే!"

"కారు వచ్చేసింది సామీ."

కారు దిగింది ఇద్దరు. మదురై పెద్దాయన ఎవరినీ పలకరించకుండా నేరుగా మూడో గుంత దగ్గరికి పోయి, వంగి, నేలను అరచేత్తో తడిమి చూడసాగాడు. ఆయనకు తెలుగు రాదు. మొదలాళి లక్ష్మణసామి మాత్రం ఇటు నడిచి వచ్చాడు. ముఖం చూస్తే మనసులో ఏముందో చెప్పడం కష్టం, వ్యాపారం చేసిన ముఖం మరి.

"హరీ, ఏమిది?"

"అయ్యా, నమస్కారం అయ్యా."

"నమస్కారం ఉండనీ. మొన్న ఇక్కడ గడ్డి ఉండె."

"అదేనయ్యా, నేనూ ఇప్పుడే వచ్చి చూస్తిని. గుండె ఆగినంత పనయ్యింది. పరమేశ్వరీ, అయ్యకు చెప్పు."

"మేమే పెద్దసామీ. గరిక అనుకుని పీకేస్తిమి. తప్పయిపోయింది."

"ఏమ్మా, మేనేజరును అడక్కుండానే పీకితివా?"

"ఫోన్ కొడితిమి పెద్దసామీ. ఎత్తలే."

"ఎత్తలేదా? హరీ, నిన్న నువ్వు యాడుంటివి?"

"అయ్యా… అది… విరుదునగర్లో. బామ్మర్ది బిడ్డకు చెవులు కుట్టిరి. మీకు చెప్పకుండా పోయింది తప్పే, ఒప్పుకుంటాను. అయితే నేను ఊర్లోనే లేననేది దాంతోనే తెలిసిపోతుంది కదయ్యా."

"అంటే దీంట్లో నీ చెయ్యి లేదు."

"చెయ్యి కాదయ్యా, చిటికెన వేలు కూడా లేదు."

"ఒక మాట కూడా చెప్పలే?"

"ఒక్క మాట లేదయ్యా."

"మరి ఈ నేలను ఇట్ల కల్లం మాదిరి గట్టిచేసేది, అలికేది?"

"అంతా ఈమేనయ్యా. కావాలంటే ఆ ముగ్గు చూడండి, నేను వేస్తానా? అయినా వాళ్లను ఏమీ అనకండి. చదువుకోనోళ్లు. మేనేజరు అని నన్ను పెట్టుకుంటిరి, బాధ్యత నాదే."

"సామి మంచోడు పెద్దసామీ. మమ్మల్ని కాపాడాలని అట్ల అంటా ఉండాడు."

"నేనేమన్నానమ్మా మిమ్మల్ని? ఎవురు తిట్టిరి? హరీ, ఆయన్ను చూడు."

"ఎవుర్నయ్యా?"

"ఆ మదురై ఆయన్ను. కర్ర తీసినాడు. బంతి ఎట్ల పోతా ఉండాదో చూడు."

"పోతా ఉండాదయ్యా."

"వంకర లేకుండా, అదరకుండా, నూనె మీద పోయినట్టు పోతా ఉండాది. పడింది! ఆ నవ్వు చూడు ఆయనకు. పొద్దున్నుంచి కారులో ఒక్క పన్ను చూపించలే."

"అంటే… ఆయనకు కోపం రాలేదా అయ్యా?"

"కోపమా? దావ పొడుగునా ఆయన నన్ను తినేసినాడు. నీళ్లు లేని ఊర్లో గడ్డి పెంచేది పిచ్చి, ఆయన చిన్నప్పుడు ఆడిందంతా గట్టిచేసిన నేల మీదేనంట. గడ్డి ఉండేదాన్ని గ్రీను అంటారు కద, దీన్ని బ్రౌను అంటారంట. అది చేసే మనుషులే ఇప్పుడు లేరు అని ఒకటే బాధ. నేను ఊఁ కొడతా వస్తిని. గేట్లోకి వస్తానే చూస్తే ఆయన చెప్పిందే నా నేల మీద ఉండాది! నేనే ముందే చేయించి దాచిపెట్టినాననుకుని, కారులోనే నా భుజం మీద చెయ్యి వేసినాడు. ఆ మనిషి ఎవురి భుజం మీదా చెయ్యి వెయ్యడు హరీ."

"అయ్యా…"

"తొమ్మిది గుంతలూ ఇట్ల చేస్తే పోటీ పెడతాం అనేసినాడు. లారీ నీళ్ల బాధ కూడా తప్పింది. ఈ గరికకు నీళ్లు పోసి పోసి నా అచ్చాఫీసే ఎండిపోతా ఉండె."

"అయ్యా, ఒక మాట."

"చెప్పు."

"అది… పీకమని చెప్పింది నేనేనయ్యా."

"ఏది?"

"గరికను. ఫోన్లో. నిన్న ఈమె అడిగింది, నేను పీకి పారెయ్యండి అంటిని."

"ఫోన్ ఎత్తలేదంటివి కద ఇప్పుడే?"

"ఎత్తినానయ్యా. మేళం మోగతా ఉండె. అయినా ఎత్తి, బాగా ఆలోచించి, మన నేలకు ఈ గడ్డి వద్దు అని… పరమేశ్వరీ, చెప్పు అయ్యకు."

"సామి మంచోడు పెద్దసామీ."

"పరమేశ్వరీ!"

"మమ్మల్ని కాపాడాలని అట్ల అంటా ఉండాడు."

"ఇప్పుడు అది వద్దు. నిజం చెప్పు! ఫోన్లో నేను పీకమంటినా, లేదా?"

"ఎన్ని తూర్లు అడిగినా అదే పెద్దసామీ. ఆ సామికి ఏమీ తెలీదు. మేమే, మాకు తోచినట్టు చేస్తిమి. ఏమి సామీ, గొంతు సరిగ్గా ఉండాదా?"

"అయ్యా, నమ్మండి. ఈమె… ఈమె భయపడి అట్ల…"

"నాకైతే ఆమె భయపడినట్టు లేదే. ఫోన్ చేసింది నిజమైతే నీ ఫోన్లో ఉంటుంది కద. ఇటియ్యి."

"అందులో ఉండదయ్యా."

"ఏమిటికి ఉండదు?"

"తుడిచేస్తిని."

"తుడిచేస్తివా? ఏమిటికి?"

"అది… ఊరికే. అప్పుడప్పుడు తుడుస్తా ఉంటానయ్యా."

"హరీ, నువ్వు మా వాళ్లబ్బాయివే అని పెట్టుకుంటిని. అరువు గడ్డి తెచ్చి పరిస్తివి, సరేనంటిని. ఆడవాళ్లు వొళ్లొంచి చేసిన పనికి కూడా పేరు నీదే కావాలంటే ఎట్ల?"

"అట్ల కాదయ్యా, నా మాట వినండి…"

"వింటిని. ఊర్లో లేనంటివి, ఒక్క మాట లేదంటివి, చిటికెన వేలు కూడా లేదంటివి. అన్నీ వింటిని. ఏమ్మా, మీరెంతమంది?"

"ఆరుమంది పెద్దసామీ. దినకూలి."

"ఇంక దినకూలి లేదు. నెలజీతం. మిగతా ఎనిమిదీ ఇట్లనే చేసిపెట్టాల. అయితదా?"

"చేస్తాం పెద్దసామీ. అయితే ఆ ఇనప రోలరు ఆడవాళ్లతో లాగేదానికి కష్టంగా ఉండాది. కొంచెం బలమున్న మగమనిషి ఒకరు ఉంటే…"

"హరీ, విన్నావా?"

"వింటినయ్యా. రేపే ఒక మనిషిని చూసి తెస్తాను."

"నిన్ను దేనికి పెట్టుకుంటిని ఇక్కడ?"

"గడ్డి చూసుకునేదానికి అయ్యా."

"గడ్డి యాడ?"

"కంచె కాడ కుప్పలో అయ్యా."

"మరి వేరే మనిషిని వెతికేది ఏమిటికి? రేపటి నుంచి ఈమె చెప్పిన పని చెయ్యి. ఇష్టం లేకుంటే కయత్తారుకు బస్సులుండాయి. నేను పోతాను, ఆయన పిలుస్తా ఉండాడు."

"అయ్యా! అయ్యా…"

"పోయినాడు సామీ. వినపడదు."

"ఏమి పని చేస్తివి పరమేశ్వరీ."

"మీరు నేర్పించిందే చెప్తిని సామీ. ఒక్క మాట తప్పలే."

"నిజం ఒకటి చెప్పింటే…"

"విడవకూడదంటిరి కద."

"అంటిని."

"నెలజీతం కూడా ఇప్పిస్తిరి. మీ మాట మీరు నిలబెట్టుకుంటిరి. ఇంటికి పోయి తినండి సామీ. ముఖం వాడిపోయింది."

"రేపు ఎప్పుడు రావాల?"

"ఎండ ఎక్కితే రోలరు లాగలేరు. పొద్దు పొడవకముందే రండి."

"వస్తాను."

"సామీ, ఇంకొకటి."

"ఏమి?"

"వచ్చేటప్పుడు బూట్లు గేటు కాడనే విడిచి రండి."